యూటీవీకి స్నో ప్లౌ బిగించడం: బ్లేడ్ వెడల్పు, వించ్, బెల్ట్ గురించి మీ అనుభవాలు చెప్పండి

కొండదారి:
నమస్కారం అండీ. మా యూటీవీ (పక్కపక్కన కూర్చుని నడిపే నాలుగు చక్రాల ఆఫ్‌రోడ్ బండి) 62 అంగుళాల వెడల్పు. 3,500 పౌండ్ల వించ్ (తాడును చుట్టి బరువు లాగే మోటారు) ముందే బిగించి ఉంది. ఇంటి నుంచి రోడ్డు దాకా కంకర దారి, మధ్యలో ఒక ఎత్తు. చలికాలం వచ్చేలోపు ప్లౌ (ముందు మంచు నెట్టే బ్లేడ్) పెట్టిద్దామని చూస్తున్నాను. 60 అంగుళాల బ్లేడ్ చాలా? 72 పెడితే బండి నెట్టలేదేమోనని టెన్షన్. ఫ్రేమ్ మధ్యలో కింద బిగించేది మంచిదా, ముందు భాగంలో బిగించేదా? వాడుతున్నవాళ్లు చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

స్పానర్:
60 వద్దండీ. ప్లౌ పని సగానికి పైగా బ్లేడ్‌ను ఒక పక్కకు తిప్పి చేసేదే. 30 డిగ్రీలు తిప్పితే 60 అంగుళాల బ్లేడ్ 52 అంగుళాలే శుభ్రం చేస్తుంది. మీ బండి 62. అంటే ఒక పక్క చక్రం ఇంకా తీయని మంచును తొక్కుకుంటూ పోతుంది. ఆ తొక్కిన మంచు రాత్రికి గడ్డకడితే మర్నాడు బ్లేడ్ దాన్ని గీరలేదు, పైనుంచి జారిపోతుంది. 72 అంగుళాలదైతే తిప్పాక కూడా 62 ఉంటుంది, మీకు సరిగ్గా సరిపోతుంది.

బండి నెట్టగలదా అన్నది బ్లేడ్ కంటే మంచును బట్టి ఉంటుంది. కొత్తగా పడిన పొడి మంచు ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలు. తడిసి కుంగిన మంచు 200 కిలోలు దాటుతుంది. పొడి మంచులో పూర్తి వెడల్పుతో వెళ్లండి, తడి మంచులో సగం బ్లేడే తగిలేలా వెళ్లండి. అందుకే మంచు పడుతుండగానే ఒకసారి తీసేయడం నాకు అలవాటు. అంతా ఆగాక చూద్దాం అనుకుంటే బండికీ మనిషికీ రెండింతల పని.

చలిమంట:
మీ దారిలో ఎత్తు ఉందన్నారు కాబట్టి నా ఓటు ముందు బిగించేదానికే. మధ్యలో బిగించే రకంలో నెట్టే బలం ఫ్రేమ్ నడుముకు చేరుతుంది, అది గట్టి పద్ధతే. కానీ పొడవాటి గొట్టాలు బండి కింద వేలాడుతూ ఉంటాయి, బ్లేడ్ ఎక్కువ ఎత్తుకు లేవదు. మంచు కుప్ప మీద కుప్ప పోయాలన్నా, ఎత్తు మీద కింద తగలకుండా దాటాలన్నా ముందు బిగించేదే హాయి.

బ్లేడ్ ఏ కంపెనీదైనా దొరుకుతుంది. బండికి తగిలించే మౌంట్ ప్లేట్ మాత్రం మోడల్‌ను బట్టి మారుతుంది. వార్న్, కేఎఫ్ఐ లాంటివాళ్లు మౌంట్‌ను మోడల్ వారీగా అమ్ముతారు. మీ బండి మోడల్, సంవత్సరం, కింద స్కిడ్ ప్లేట్ (అడుగు భాగాన్ని కాపాడే రేకు), ముందు బంపర్ మార్పించి ఉంటే ఆ సంగతి, అన్నీ సరిచూసుకుని అప్పుడు డబ్బు కట్టండి.

రాత్రిబండి:
అందరూ బ్లేడ్ గురించే అడుగుతారు. ముందు ఇబ్బంది పెట్టేది వించ్ తాడు అండీ. బురదలో దిగిన బండిని లాగడానికి వించ్‌ను ఎప్పుడో ఒకసారి వాడతాం. ప్లౌకు కట్టాక ఒక్క పూటలోనే దాంతో బ్లేడ్‌ను పదేపదే ఎత్తడం, దించడం. ప్రతిసారీ తాడులో అదే జానెడు ముక్క, అదే చోట వంగుతుంది. స్టీల్ తాడైతే పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. సింథటిక్ తాడు రాపిడికి పీచు లేస్తుంది, తడిసి గడ్డకట్టి బిగుసుకుంటుంది. ప్లౌ కోసం విడిగా అమ్మే పొట్టి తాడో, పట్టీనో వేసుకుని అసలు తాడును దాచుకోండి. పొట్టిది పాడైతే మార్చడం తేలిక.

బటన్ మీద వేలు కూడా జాగ్రత్త. బ్లేడ్ పూర్తిగా లేచాక ఇంకా నొక్కితే వించ్ బలమంతా తాడు మీద, మౌంట్ మీద పడుతుంది. తాడు తెగడమో, బ్రాకెట్ వంగడమో ఖాయం. దించేటప్పుడు బ్లేడ్ నేల ఎత్తుపల్లాలకు తగ్గట్టు కదలాలి కాబట్టి కాస్త వదులు కావాలి. మరీ ఎక్కువ వదిలితే డ్రమ్ మీద చిక్కుపడుతుంది.

బ్యాటరీ సంగతి: వించ్ ఎత్తిన ప్రతిసారీ బాగా కరెంటు లాగుతుంది. పైగా హీటర్, లైట్లు, వైపర్. నెమ్మదిగా నడుస్తున్న ఇంజన్‌కు ఆ కరెంటంతా తిరిగి నింపే వీలుండదు. డాష్ మీద చిన్న వోల్ట్ మీటర్ పెట్టుకోండి. పని అయ్యాక బండిని బ్యాటరీని నిండుగా ఉంచే చార్జర్ మెయింటెయినర్‌కు తగిలించి ఉంచండి.

నల్లకంకర:
మీది కంకర దారి అన్నారు, ఇది తప్పక చదవండి. నేల గడ్డకట్టేదాకా బ్లేడ్ కింది స్కిడ్ షూలను (బ్లేడ్‌ను నేలకు పైన నిలిపే కాళ్లు) కిందికి దించి, బ్లేడ్ అంచు నేలకు రెండు సెంటీమీటర్ల పైన ఉండేలా పెట్టండి. లేకపోతే మంచుతో పాటు కంకరంతా పక్కకు పోతుంది, వసంతంలో దాన్ని పారతో వెనక్కి తెచ్చుకోవాలి. నేల గట్టిపడ్డాక ఆ ఎత్తు తగ్గించవచ్చు.

ట్రిప్ స్ప్రింగులు కూడా చూడండి. దాగి ఉన్న రాయికి తగిలినప్పుడు బ్లేడ్ ముందుకు వంగి దాటేయాలి, వాటి పని అదే. మరీ బిగిస్తే ఆ దెబ్బ ఫ్రేమ్‌కు తగులుతుంది, మరీ వదులు చేస్తే బరువైన మంచుకే బ్లేడ్ వంగిపోతుంది.

స్పానర్:
బెల్ట్ గురించి ఎవరూ ఎత్తలేదు. సీవీటీ (ఇంజన్ బలం రబ్బరు బెల్ట్ ద్వారా చక్రాలకు చేరే రకం) బండైతే ప్లౌ పని మొత్తం లో గేర్‌లోనే చేయండి. హై గేర్‌లో నెమ్మదిగా బరువు నెడితే బెల్ట్ పుల్లీల మీద జారుతుంది, వేడెక్కి కాలుతుంది. రబ్బరు కాలిన వాసన వస్తే వెంటనే ఆపి చల్లారనివ్వండి. హోండా పయనీర్ 1000 లాంటి వాటిలో గేర్‌బాక్స్ డ్యూయల్ క్లచ్‌ది, కుబోటా ఆర్‌టీవీ-ఎక్స్1100సీ హైడ్రోస్టాటిక్ (ఆయిల్ ఒత్తిడితో నడిచేది). వాటికి ఈ బెల్ట్ బెడద లేదు.

ఇంకోటి. బ్లేడ్‌ను బాగా పైకెత్తి దూరం నడిపితే రేడియేటర్‌కు గాలి అందదు. ఎంత చలిలోనైనా ఇంజన్ వేడెక్కుతుంది. తగినంత మాత్రమే ఎత్తి, టెంపరేచర్ మీద ఓ కన్నేసి ఉంచండి.

కొండదారి:
చాలా ధన్యవాదాలండీ. 72 అంగుళాలది, ముందు మౌంట్, పొట్టి తాడు, ఇవి ఖాయం. మాది సీవీటీనే. ఇంకో రెండు సందేహాలు. ముందు అంత బరువు తగిలిస్తే సస్పెన్షన్ కూర్చుండిపోదా? ఆ ఎత్తు మీద పట్టు దొరకాలంటే చైన్లు తప్పవా?

చలిమంట:
కూర్చుంటుంది. ముందు షాక్‌ల ప్రీలోడ్ (స్ప్రింగ్ బిగువు) పెంచండి, వెనక ట్రేలో ఇసుక బస్తాలు వేయండి. వెనక బరువు ఉంటే ముందు భాగం తేలికపడుతుంది, వెనక చక్రాలకు పట్టు వస్తుంది. ట్రే మోయగల బరువు మాన్యువల్‌లో ఉంటుంది, దాన్ని దాటకండి. బస్తాలు కదలకుండా కట్టండి.

మంచు వరకైతే మంచి టైర్లు, ఫోర్ వీల్ చాలు. ఐస్ కడితే చైన్లు వేసుకోవాల్సిందే. వేశాక చక్రాన్ని చేత్తో పూర్తిగా తిప్పి చూడండి. బ్రేక్ గొట్టానికి గానీ, యాక్సిల్ రబ్బరు బూట్‌కు గానీ, సస్పెన్షన్ ఆర్మ్‌కు గానీ గొలుసు తగలకూడదు. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి కూడా చూడాలి.

నల్లకంకర:
ఎత్తు మీద పై నుంచి కిందికి నెట్టండి, కింది నుంచి పైకి వద్దు. మొదటి మంచుకే గట్లను వీలైనంత దూరం జరిపేయండి. ఆ గట్లు గడ్డకట్టాక జరగవు, తర్వాత పడేదానికి చోటు ఉండదు. గడ్డకట్టిన గట్టును వేగంగా వచ్చి గుద్దితే మాత్రం పుష్ ఫ్రేమ్ (బ్లేడ్‌ను పట్టి నెట్టే చట్రం) వంగుతుంది, ఆ పని ఎంత అవసరమైనా చేయకండి.

రాత్రిబండి:
నేల గడ్డకట్టకముందే దారి అంచుల వెంట కర్రలు పాతేసుకోండి, తర్వాత దిగవు. మొదటి పూట పని అయ్యాక మౌంట్ బోల్టులన్నీ మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగించండి, కొత్త మౌంట్ ఎలాగూ కొంచెం సర్దుకుంటుంది.

కొండదారి:
కర్రలు ఈ వారాంతంలోనే పాతేస్తాను. మౌంట్ ప్లేట్ మా మోడల్‌కు దొరికాక వివరాలు ఇక్కడే పెడతాను.