స్వవాసినియా, సువాసినియా?

నిఘంటుప్రియ: అమరకోశం అనే సంస్కృత నిఘంటువులో “చిరిణ్టీ తు” తర్వాత వచ్చేది స్వవాసినీయా, సువాసినీయా? మా తాతగారు వల్లె వేయించిన పాదమే. ఆ ఒక్క అక్షరం దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ వంశవృక్షం తెలుగులో రాస్తున్నాను. 1886 నాటి మరణ నమోదులో ఆవిడ వృత్తి “ఎట్ హోమ్” అని ఉంది. “ఇంటిపట్టున” అని రాస్తే పనీపాటా లేనట్టు వినిపిస్తోంది. తండ్రి ఇంట్లోనే ఉండిపోయిన కూతురు అన్న అర్థం ఒక్క మాటలో రావాలి.

తాళపత్రం: నేను చదువుకున్నది సు. స్వ పాఠాంతరం. ఏదైనా, తెలుగులో సువాసిని అంటే ముత్తైదువే కదండీ. నవరాత్రుల్లో సువాసినీ పూజ ఎవరికి చేస్తాం? పెళ్లి చేసుకోని ఎమిలీకి ఆ మాట ఎలా అతుకుతుంది?

నిఘంటుప్రియ: అందుకే స్వ కావాలంటున్నాను. పెళ్లయినా కాకపోయినా పుట్టింట ఉండే స్త్రీ అనే అర్థం సంస్కృత నిఘంటువుల్లో ఉంది. స్వ కాస్తా సు అయ్యాకే మంగళార్థం పైకి వచ్చిందని నా ఊహ.

గోదారిగట్టు: అయితే ఏ ఇల్లు స్వ? ఎమిలీ 1830లో పుట్టింది హోమ్‌స్టెడ్ అనే కుటుంబపు ఇంట్లో. 1840లో నార్త్ ప్లెజంట్ వీధికి మారి, 1855లో తిరిగి వచ్చారు. తండ్రి ఎడ్వర్డ్ 1874లోనే పోయారు. మిగిలిన పన్నెండేళ్లూ తండ్రి ఇల్లనే అంటామా?

నిఘంటుప్రియ: అంటాం. నాన్న పోయినా పుట్టిల్లు పుట్టిల్లే. చెల్లెలు లవీనియా కూడా పెళ్లి చేసుకోకుండా 1899లో పోయేదాకా ఆ ఇంట్లోనే ఉంది. అక్క చేత్తో కుట్టుకున్న నలభై దాకా చిన్న పుస్తకాలు బయటపడింది ఆమె చేతుల మీదుగానే. పద్దెనిమిది వందల దాకా కవితలు రాసిన మనిషికి వృత్తి గడిలో “ఎట్ హోమ్”. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

తాళపత్రం: అసలు కష్టం ఎమిలీ సమాధి రాయి మీద ఉంది. “కాల్డ్ బ్యాక్”ని ఏమంటారు? నార్‌క్రాస్ అక్కచెల్లెళ్లకు రాసిన చివరి ఉత్తరంలోనూ అవే మాటలు. “పిలుపొచ్చింది” అంటే బ్యాక్ జారిపోతుంది.

గోదారిగట్టు: “పుట్టింటి పిలుపు” అనండి. వెనక్కి అన్నది అందులోనే ఉంది. నార్‌క్రాస్ అంటే తల్లి వైపు వాళ్లే కదా?

నిఘంటుప్రియ: అవును, తల్లి మాన్సన్ ఊరి ఆడపడుచు, పెళ్లి 1828లో. ఆడవాళ్ల జాడ ఇలా పెళ్లి నమోదుల్లోనే వెతుక్కోవాలి. 1850కి ముందు అమెరికా జనాభా లెక్కల్లో పేరు ఇంటి యజమానికే, మిగతావాళ్లు వయసు గడుల్లో అంకెలు. “పుట్టింటి పిలుపు” బాగుందండీ. కానీ జీవితమంతా పుట్టింట్లోనే ఉన్న మనిషిని ఏ పుట్టింటికి పిలిచినట్టు?

తాళపత్రం: అది తర్వాత చూద్దాం. మీరు చిరిణ్టీ అని రాశారు. చిరణ్టీ అనే రూపం కూడా ఉంది. తాతగారు వల్లె వేయించింది ఏది?