అప్‌డేట్: జెరాక్స్ షాపు పాత ల్యాప్‌టాప్‌లో క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్

నెల కిందట అడిగాను, గుర్తుందా? అక్కయ్యపాలెంలో నాన్న జెరాక్స్, డీటీపీ షాపు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ ఆగిపోయింది కదా, దాని బదులు క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ (పాత కంప్యూటర్ల కోసం గూగుల్ ఉచితంగా ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్) వేస్తే పని నడుస్తుందా అని.

వేశాను. ముందు పెన్‌డ్రైవ్ మీదే నడిపి చూడమన్న అన్నయ్యకి చాలా థాంక్స్, వైఫై పనిచేస్తుందో లేదో అక్కడే తేలిపోయింది. ఇదివరకు స్విచ్ వేసి టీ తాగి వచ్చినా తెరుచుకునేది కాదు. ఇప్పుడు అర నిమిషం కూడా పట్టడం లేదు. ఆన్‌లైన్ అప్లికేషన్లు, హాల్‌టికెట్లు, మెయిల్లో వచ్చిన పీడీఎఫ్‌లు అన్నీ ఇందులోనే.

దెబ్బ తగిలింది తెలుగు దగ్గర. నాన్న పదిహేనేళ్లుగా అను ఫాంట్లలో టైప్ చేస్తున్నారు. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించేలా చేసే పద్ధతి) కాదు, ఆ ఫాంట్ లేని చోట అక్షరాలు మారిపోతాయి. పాత పెళ్లి కార్డు వర్డ్ ఫైలు గూగుల్ డాక్స్‌లో తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన చోట ఏవో ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు. నాన్న ముఖం చూడలేకపోయాను. కార్డులు, పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్ అయితే అసలు ఎక్కదు, విండోస్ ప్రోగ్రాములు ఇందులో నడవవు. ఫ్లెక్స్‌లో ఆండ్రాయిడ్ యాప్‌లకి ప్లే స్టోర్ కూడా లేదు, ఆ సౌకర్యం క్రోమ్‌ఓఎస్‌తోనే అమ్మే క్రోమ్‌బుక్ లాంటి వాటికే.

బ్రౌజర్‌లో అయ్యే పనికి విండోస్‌తో ఇది ధీమాగా పోటీపడుతుంది. మా డీటీపీకి మాత్రం కాదు. అందుకే రెండో కంప్యూటర్‌లో విండోస్ అలాగే ఉంచి, సపోర్ట్ లేని విండోస్‌కి నెట్ ప్రమాదమని దానికి నెట్ తీసేశాం. కొత్త కార్డులు యూనికోడ్‌లో కొట్టడం నాన్నకి రోజూ రాత్రి నేర్పిస్తున్నాను.