రేకుల చర్చి కూడా ఆర్కిటెక్చరేనా? (లండన్ కిల్బర్న్, 1863)

కొలతబద్ద: కిల్బర్న్‌లో 1863 నాటి రేకుల చర్చి ఇంకా నిలబడే ఉంది, చట్టం కాపాడే లిస్టెడ్ కట్టడం కూడా. అప్పట్లో కేటలాగ్ చూసి ఆర్డర్ పెడితే ఇలాంటి చర్చిలు ముక్కలుగా వచ్చేవి, ఇటుక పునాది మీద బిగించుకోవడమే. నా లెక్కలో ఇది గొప్ప ఆర్కిటెక్చర్.

సున్నపురాయి: ఏం గొప్ప సార్. ఐరన్ చర్చి అని పేరు, మోసేదేమో లోపలి చెక్క ఫ్రేము. కిటికీలు మధ్యయుగాల రాతి గోతిక్ చర్చిలా కోసుగా పెట్టారు, అంటే లేని రాయిని ఉన్నట్టు చూపించడమేగా. ఇంగ్లిష్ డిజైనర్, రచయిత విలియం మోరిస్ 1890లోనే ఈ రేకుల మీద విరుచుకుపడ్డాడు.

కొలతబద్ద: చెక్క మోస్తే తప్పేంటండీ? పల్చటి రేకు చదునుగా ఉంటే చేత్తో నొక్కినా వంగుతుంది, అలలుగా ముడిస్తే ఆ ముడత లోతే దానికి బలం, ఇంజనీరు హెన్రీ పామర్ 1829లో పేటెంట్ తీసుకుంది దీనికే, అందుకే సన్న ఫ్రేము సరిపోయింది, బరువు తగ్గింది, పునాది ఖర్చూ తగ్గింది. తుప్పుకి జింకు పూత ఉంది.

వానచినుకు: వానొస్తే ప్రసంగం వినపడుద్దా మరి

సున్నపురాయి: అదీ అడగండి! చిన్నప్పుడు మా ఇంటికి రేకులే, వానొస్తే పక్కన మనిషి మాట వినపడేది కాదు, ఎండాకాలం మంచాలు బయటేసుకునేవాళ్ళం.

కొలతబద్ద: మీ రేకు కింద ఏమీ లేదు. వీటికి లోపల చెక్క పలకలు, మధ్యలో ఫెల్ట్ (ఒత్తి చేసిన మందపాటి గుడ్డ) వేసేవాళ్ళు.

పాతతాళం: 1851లో విక్టోరియా రాణి భర్త ప్రిన్స్ ఆల్బర్ట్ స్కాట్లాండ్‌లో వాళ్ళ కోట ఉన్న బాల్మోరల్‌లో రేకుల డాన్స్ హాలే వేయించాడు

సున్నపురాయి: ఆయనకి పక్కనే కోట ఉంది బ్రదర్! కూలి జనానికి రేకులు, పెద్దలకి రాయి. దాన్ని అందం అంటేనే నాకు మండుతుంది.

కొలతబద్ద: మా నాయనమ్మ వాళ్ళు చందాలేసుకుని కట్టుకున్న రేకుల ప్రార్థన మందిరాన్ని ఇదీ ఒక కట్టడమేనా అని కూలగొట్టి స్లాబు వేశారు. చందాలిచ్చినోళ్ళ పేర్లు రాసిన పలక కూడా ఉంచలేదు. ఇప్పుడు మీరూ అదే మాట అంటున్నారు.

సున్నపురాయి: కూల్చమని నేనెక్కడన్నాను? లోపలుండే మనుషులకి చలీ ఎండా తగలకూడదు అంటున్నా. కిల్బర్న్ చర్చి లోపలి చెక్క పలకలు విప్పి, వేడీ చలీ ఆపే కొత్త ఇన్సులేషన్ పెడితే ఒప్పుకుంటారా లేదా, అది చెప్పండి.

కొలతబద్ద: నంబర్లేసి విప్పి మళ్ళీ అవే పలకలు బిగిస్తే సరే. కొత్త పలకలంటే మాత్రం కుదరదు.