స్పెయిన్ తీరంలో రిటైరయ్యాక వసంతకాలం: రోజంతా ఏం చేస్తారండీ?

తెనాలి_మాస్టారు

అందరికీ నమస్కారం. ఇది గొప్పలు చెప్పుకోడానికి పెట్టిన పోస్టు కాదు, నిజంగానే తోచక రాస్తున్నా. ఇంగ్లండ్‌లో 29 ఏళ్ళు లెక్కల టీచరుగా చేసి పోయినేడు రిటైరయ్యా. నా మోకాళ్ళకి అక్కడి చలి పడట్లేదు, పిల్లలేమో ఎవరి గోల వాళ్ళది, అందుకని మార్చి ఏప్రిల్ రెండు నెలలకీ స్పెయిన్ దక్షిణ తీరంలో నెర్హా అనే ఊళ్ళో చిన్న ఫ్లాటు అద్దెకి తీసుకున్నాం. ఊరు బాగుంది, కాదనను. తెల్లటి ఇళ్ళు, గుమ్మాల్లో పూలకుండీలు, వెనక కొండలు, ముందు సముద్రం. ఈస్టర్ వారంలో ఊరేగింపులు కూడా చూశాం, పల్లకీల్లాంటివి అంత బరువు భుజాల మీద మోస్తూ తప్పెట్ల దరువుకి అడుగులేస్తుంటే మా ఆవిడ చెప్పులిప్పేసి నిలబడింది.

కానీ పండగ అయిపోయాక? పొద్దున కాఫీ తాగి బాల్కన్ దె యూరోపా దాకా నడుచుకుంటూ పోయి (సముద్రంలోకి పొడుచుకొచ్చిన గట్టు లాంటిది, చూడాల్సిందే), వెనక్కొచ్చేసరికి పదిన్నర. ఆ తర్వాత నాకు పనే లేదు. మధ్యాహ్నం రెండింటికి కొట్లు మూసేసి ఐదుకి గానీ తియ్యరు, మా చిన్నప్పటి తెనాలే. పక్క ఫ్లాట్ల ఇంగ్లీషువాళ్ళు గోల్ఫుకి రమ్మంటారు, నాకు రాదు. పన్నెండింటికే బీరుకి రమ్మంటారు, నాకు పడదు. మా ఆవిడకి మాత్రం ఏ లోటూ లేదు, బాల్కనీలో ఎండలో కూర్చుని చెల్లెలితో ఫోనులో గంటలు గంటలు. నేనే పంజరంలో చిలకలా ఇటూ అటూ.

అక్కడ ఉంటున్న మనవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, ఖర్చు పెద్దగా లేని చిన్న చిన్న సరదాలు ఏమున్నాయి? ఇంకోటి, ఉగాదికి వేపపువ్వు దొరక్క పచ్చడి అసంపూర్తిగా చేశాం, ఇప్పుడు చూస్తే మా వీధిలోనే వేపచెట్టు చిగురించి మొగ్గలేస్తోంది. కోసి ఎండబెట్టుకోవచ్చా?

అల్తేయా_నర్సమ్మ

మాస్టారూ ముందు ఆ చెట్టు జోలికి పోకండి!! అది వేప కాదు, తురకవేప, మా పాలకొల్లు వైపు కొండవేప అంటాం. ఆకు చూస్తే అచ్చం వేపాకే, మొదటి ఏడాది నేనూ మోసపోయా. వేపపువ్వు తెల్లగా ఉంటుందా, దీనిది లేత ఊదా రంగు, వాసన మాత్రం ఘుమఘుమలాడిపోద్ది. కాయలు విషం. ఇక్కడ నీడ కోసం వీధుల్లో వరసగా వేస్తారు. చూసి వాసన పీల్చి వచ్చెయ్యండి, పచ్చట్లోకి వద్దు. నేనైతే ఇండియా నుంచి ఎవరొచ్చినా ఎండు వేపపువ్వు తెప్పించి డబ్బాలో దాచుకుంటా.

ఇక తోచకపోవడం గురించి. మేం 2019 లో వచ్చాం, బ్రెగ్జిట్ (బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడం) గడువు లోపలే ఇక్కడ ఉండడానికి పేపర్లు అయిపోయాయి కాబట్టి బతికిపోయాం. అల్తేయా అంటే మీ దగ్గర్నుంచి చాలా దూరం, తూర్పు తీరం, కోస్టా బ్లాంకా. మొదటి మూణ్ణెల్లు మా ఆయనదీ మీ పరిస్థితే. డ్యూటీలూ బీపర్లూ లేకపోతే ఆ మనిషికి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆయన్ని మార్చింది ఏంటో చెప్తే నవ్వుతారు, సంత. ఇక్కడ ఒక్కో ఊళ్ళో ఒక్కో రోజు సంత, సోమవారం డేనియా, మంగళవారం మాది, గురువారం హావియా, శనివారం కాల్పే, అచ్చం మన వైపు సంతల్లాగే. కొనేది రెండు యూరోల సరుకు, తిరిగేది మూడు గంటలు. మార్చిలో ఆర్టిచోకులు, బఠాణీ కాయలు, బ్రాడ్ బీన్స్ గుట్టలు పోసి ఉంటాయి, ఏప్రిల్ వచ్చిందంటే నిస్పెరోలు, అదే లోక్వాట్ పండ్లు. మా పైన కొండల్లో కయోసా అనే ఊరు వీటికే పేరు, కొండవాలు మొత్తం వలలు కప్పేసి ఉంటుంది, దూరం నుంచి చూస్తే ఎవరో దోమతెర కట్టినట్టు. పండు పులుపూ తీపీ కలిసి ఉంటుంది, లోపల నున్నటి పెద్ద గింజలు. కొంచెం పచ్చిగా ఉన్నవి పప్పులో వేస్తే మామిడికాయ పప్పుకి చుట్టం అనిపిస్తుంది, ట్రై చెయ్యండి, మీ సంతలో కూడా దొరుకుతాయి.

తర్వాత పెటాంకా. ఇనప గుండ్లు విసిరే ఆట, మన గోళీలాటకి పెద్దన్న అనుకోండి. సముద్రం ఒడ్డున ఇసక బరిలో రోజూ పొద్దున్నే స్పానిష్ తాతలు ఆడుతుంటారు, వెళ్ళి పక్కన నిలబడితే నాలుగో రోజుకి వాళ్ళే చేతిలో గుండు పెడతారు. భాష అక్కర్లేదు, ఎవరి గుండు దగ్గరుందో టేపు పెట్టి కొలుస్తూ కొట్టుకుంటారు. లెక్కల మాస్టారు కదా, మిమ్మల్ని వదిలిపెట్టరు.

ఉగాది అంటే గుర్తొచ్చింది, ఈ ఏడాది మార్చి 19 న వచ్చింది కదా, అదే రోజు ఇక్కడ సెయింట్ జోసెఫ్ పండగ, ఫాయాస్ అనే బొమ్మల పండగకి ఆఖరి రాత్రి. అసలు సంబరం వాలెన్సియాలో, జనం తొక్కిడి భరించలేక మేం డేనియా వెళ్ళాం. నెలల తరబడి కష్టపడి చేసిన బొమ్మల్ని, కొన్ని మేడంత ఎత్తు, ఆ రాత్రి తగలబెట్టేస్తారు. మొదట్లో వడ్రంగులు పాత చెక్కముక్కలు తగలబెట్టేవారట, అలా మొదలైందంటారు. పొద్దున ఉగాది పచ్చడి తిని రాత్రి ఆ మంట ముందు నిలబడితే మా ఆయన "ఇంట్లో విరిగిన కుర్చీ ఉంది, తెచ్చి వేసేద్దామా" అన్నారు. భోగీ ఉగాదీ ఒకే రోజు అయిపోయాయి మాకు.

కరీంనగర్_పోరడు

అక్కా మీరు మస్తు చెప్తున్నరు గానీ అందరికీ అట్ల కుదరది. నేను మాడ్రిడ్‌ల జాబ్ చేస్త, పోయినేడు ఏప్రిల్‌ల మా అమ్మ బాపు వస్తే బెనిడోర్మ్‌ల మూడు వారాలు రూమ్ తీసిన, సముద్రం గాలికి మంచిగుంటరని. పదో రోజుకే బాపు "ఇగ పోదాం పారా" అన్నడు. ముచ్చట పెట్టెటందుకు మనిషి లేడు ఆయినెకు. హోటల్ల వెజ్ అని గట్టిగ చెప్పినా సలాడ్ మీద ట్యూనా చల్లుకొచ్చిండ్రు, అడిగితే అది మాంసం కాదు చేప అన్నడు. ఒకరోజు ఆఫ్రికా దిక్కుకెల్లి ఎర్రదుమ్ము లేసింది, కలీమా అంటరు, ఎంబడే నాలుగు చినుకులు పడ్డయి, బాల్కనీల ఆరేసిన బాపు తెల్ల ధోతి మొత్తం ఎర్రమట్టి రంగు. ఆ దినం ఇద్దరు మాట్లాడలే నాతోని.

ఒక్కటి మాత్రం మంచిగయింది. ఆడ స్పానిష్ ముసలోళ్ళు బస్సులకు బస్సులు దిగుతరు, ఇంసెర్సో అని గవర్నమెంటు కొంత ఖర్చు పెట్టుకొని సీజన్ కానప్పుడు టూర్లు తిప్పుతది, 1985 కాడికెల్లి నడుస్తుందంట. పొద్దుమీకి ఐదింటికి బీచ్ రోడ్డు మీది బార్లల్ల పాట పెట్టి జంటలు జంటలు డాన్సులు, ఎనభై ఏండ్లోళ్ళు! మా అమ్మ రోజు పోయి కుర్చీ వేసుకొని కూసునేది. ఆఖరి వారం ఒక ముసలామె అమ్మ చెయ్యి పట్టి గుంజింది, అమ్మ బతుకమ్మ లెక్క చప్పట్లు కొట్టుకుంట రెండు రౌండ్లు తిరిగింది. బాపు వీడియో తీసిండు, ఇప్పటికీ చుట్టాలందరికీ సూపెడ్తడు.

ఈస్టర్‌కు బేకరీల తొర్రిహాస్ దొరుకుతయి కదా, పాలల్ల నానబెట్టి వేయించిన బ్రెడ్డు, మన డబల్ కా మీఠాకు చెల్లె. గుడ్డు వడ్తది, తినేటోళ్ళయితేనే తినుండ్రి.

అనకాపల్లి_బెల్లం

మాస్టారూ నేను రిటైర్ అవలేదు గానీ మీకు దగ్గర్లోనే ఉంటాను, వెలెస్ మలగా పక్కన, అవకాడోల ప్యాకింగ్‌లో పని. నెర్హాలో కూర్చుని తోచట్లేదంటే బాధేసి రాస్తున్నాను. మీ ఊరి నుంచి ఆరేడు కిలోమీటర్ల పైన ఫ్రిహిలియానా ఉంది, బస్సు ఉంది. ఆ ఊళ్ళో పాత పెద్ద భవనం ఒకటుంటుంది, ఎల్ ఇంహేనియో అంటారు, చెరకు పానకం కాచే ఫ్యాక్టరీ. యూరప్‌లో ఈ పని ఇంకా చేస్తున్నది అదొక్కటే అంటారు. మియెల్ దె కాన్యా, మాటకి మాట చెప్పాలంటే చెరకు తేనె. సీసా మూత తీసి వాసన చూశానా, మా ఊళ్ళో బెల్లం బట్టీ పక్కన నిలబడినట్టే అయిపోయింది, అనకాపల్లి వాణ్ణి కదా, కళ్ళలో నీళ్ళు. ఈ తీరం పొడుగునా ఒకప్పుడు చెరకు తోటలేనండి, అరబ్బులు తెచ్చారట, గ్రనడా వైపు మోత్రిల్, సలొబ్రేన్యా దగ్గర 2006 దాకా నరికారు, ఆ ఏడాదితో ఆఖరి చక్కెర మిల్లు మూతపడింది.

ఆ పానకం ఎలా తింటారో తెలుసా, వంకాయ చక్రాల్లా కోసి పిండిలో ముంచి నూనెలో వేయించి, వేడి వేడిగా ఉండగా పైన సన్నటి ధారగా పోస్తారు. బెరెన్హేనాస్ కోన్ మియెల్ అని అడగండి. వంకాయ బజ్జీ మీద బెల్లం పాకం పోస్తే ఎవడైనా తింటాడా అనుకున్నాను నేను, ఇప్పుడు వారానికి రెండుసార్లు కావాలి. ట్యూనా గొడవ కూడా ఉండదు.

అసలు విషయం ఇంకోటుంది. మీకు మామిడి పూత చూడాలనుందా? అబద్ధం కాదండి, వెలెస్ చుట్టూ కొండవాలుల మీద మామిడి తోటలే, ఇప్పుడు ఏప్రిల్‌లో పూత మీదుంటాయి. మనకి ఉగాదికి కాయ చేతికొచ్చేస్తుంది, ఇక్కడ ఈ చలికి ఆలస్యం, పండు సెప్టెంబర్ అక్టోబర్ మాట. సాయంత్రం తోట పక్కన కారు ఆపి అద్దం దించితే ఆ వాసన, ఇంక నేను చెప్పలేను. కోయిల మాత్రం లేదు. అదొక్కటే లోటు. కానీ ఊళ్ళో సాయంత్రం పూట ఆకాశం నిండా వంకీ కత్తుల్లాంటి రెక్కలతో కీచుకీచుమంటూ పిట్టలు తిరుగుతుంటాయే, వాటిని వెన్సెహోలంటారు, ఆఫ్రికా నుంచి ఇప్పుడిప్పుడే దిగుతున్నాయి. మేడెక్కి చూడండి, గంట గడిచినట్టే తెలీదు. మా వైపు పొద్దు కూడా ఎనిమిదిన్నర దాటితే గానీ గూకదు కదా. లండన్‌తో సమానంగా ఉండాల్సిన గడియారం ఇక్కడ 1940 నుంచి గంట ముందుకి తిప్పి ఉంచేశారు, దాని పుణ్యమే.

పైన్ చెట్ల కింద నడిచేటప్పుడు మాత్రం చూసుకోండి, ఈ రోజుల్లో గొంగళిపురుగులు ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు బారులు తీరి పోతుంటాయి. ముట్టుకుంటే దద్దుర్లు, కుక్కలకైతే ప్రాణం మీదకే వస్తుంది.

తెనాలి_మాస్టారు

అందరికీ దణ్ణాలు. ముందుగా ఆ చెట్టు సంగతి, మా ఆవిడ అప్పటికే ఒక రెమ్మ కోసి గ్లాసులో పెట్టింది, నర్సమ్మగారి పోస్టు చదివి వినిపించాక బాల్కనీలోకి మార్చింది. పారెయ్యదట, వాసన బాగుందట.

నిన్న ఫ్రిహిలియానా వెళ్ళాం. బస్సు దిగాక మెట్లే మెట్లు, నా మోకాళ్ళు ఒప్పుకోలేదు, ఆవిడొక్కతే పైదాకా ఎక్కి వచ్చింది. నేను కింద బెంచీ మీద కూర్చున్నా. పక్కన ఒక పెద్దాయన, ముందు ఓలా అన్నాడు, నేనూ అన్నా, అంతే మా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న భాష. ఆయన జేబులోంచి నిస్పెరో తీసి ఒలిచి సగం నాకు పెట్టాడు, గింజలు ఎదురుగా ఉన్న కుండీలోకి గురి చూసి ఉమ్మాడు, నేనూ ఉమ్మా, నాది పడలేదు, ఆయన నవ్వి ఇంకోటి ఒలిచాడు. నలభై నిమిషాలు అదే పని. ఆవిడ దిగొచ్చి చూసి "ఇదా మీకు తోచట్లేదన్నది" అంది.

వంకాయ తిన్నాం. అనకాపల్లి తమ్ముడూ, మీరన్నది నిజమే. పానకం మూడు సీసాలు కొన్నాం, వాటిల్లో ఒకటి చెకిన్ లగేజీలో పగలకుండా ఇంగ్లండ్ ఎలా చేరుస్తానో చూడాలి. మామిడి పూత చూడ్డానికి ఈ శనివారం వస్తాం, బస్సులో వెలెస్ దాకా వస్తే అక్కణ్ణుంచి మీరు తీసుకెళ్తారా?

చివరగా ఒక సందేహం, మావి బ్రిటిష్ పాస్‌పోర్టులు, మే నెల కూడా ఉండొచ్చా?

అల్తేయా_నర్సమ్మ

180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారండీ, మార్చి 1 న దిగి ఉంటే మే 29 తో సరిగ్గా 90 అయిపోతాయి, దిగిన రోజూ ఎక్కే రోజూ కూడా లెక్కే. ఇప్పుడు స్టాంపులు చూసి లెక్కపెట్టడాలు లేవు, వేలిముద్రా ఫోటో తీసుకుని కంప్యూటరే లెక్క చెప్పేస్తుంది, ఒక్క రోజు కూడా జారనివ్వకండి. ఏడాది పొడుగునా ఉండాలంటే పని చెయ్యకుండా ఉండే వీసా వేరే ఉంది, నెలకి 2400 యూరోలు, భార్యకి ఇంకో 600 ఆదాయం చూపించాలి. మీ టీచరు పెన్షన్ ఎంతో నాకు తెలీదు కానీ మీ ఆవిణ్ణి అడిగితే ఈపాటికే లెక్క వేసి పెట్టే ఉంటారు.

అనకాపల్లి_బెల్లం

శనివారం పదింటికి బస్టాండు దగ్గర ఉంటాను మాస్టారూ. ఉప్పూ కారం నేను తెస్తాను, పిందె కట్టిన చెట్టు ఒక్కటైనా కనపడకపోదు, తోటాయన నాకు తెలిసినవాడే.