తెలుగు పాఠాల వీడియోలకు చిన్న క్లౌడ్ సర్వర్: ఏ లినక్స్ వేయమంటారు?

పాఠాలపెట్టె (మారతహళ్ళి, బెంగళూరు):

అందరికీ నమస్కారం. పోటీ పరీక్షలకు తెలుగులో చరిత్ర బోధించే ఇద్దరు మాస్టార్లకు వీడియో పని నేను చేసిపెడుతున్నాను. వాళ్లుండేది అనంతపురంలో. ఫోనుతో 1080పీలో తీసి పంపుతారు. గంట పాఠం ఏడెనిమిది జీబీ ఉంటుంది. దాన్ని 720పీకి, 480పీకి తగ్గించి, అడుగున పాఠం పేరుతో పట్టీ వేసి, చిన్న ముక్కలుగా కోసి పెట్టాలి. ఇన్నాళ్లూ ఇంట్లోని పాత డెస్క్‌టాప్‌తో నెట్టుకొచ్చాను. కరెంటు పోయిన ప్రతిసారీ పాఠం సగంలో ఆగిపోతోంది కాబట్టి క్లౌడ్‌కు మారుతున్నాను. నాలుగు కోర్లు, 8 జీబీ ర్యామ్. అంతకు మించి మాస్టార్లను డబ్బు అడగలేను.

సర్వర్ తీసుకునే పేజీలో ఉబుంటు, డెబియన్, రాకీ, ఆల్మా, ఫెడోరా అని లినక్స్ రకాలు (డిస్ట్రోలు) అన్నీ ఉన్నాయి. ఆఫీసులో ఒకాయన రాకీ అంటాడు, ఇంకొకాయన ఆల్పైన్ అయితే తేలిక అంటాడు. వెతికితే దొరికే పోలికలన్నీ డెస్క్‌టాప్ అందచందాల గురించే. తెరే లేని యంత్రానికి అందమెందుకు?

ఇంకో సంగతి. ఇంట్లో ఉన్నది డెబియన్ 12. వీడియోలను మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రోగ్రాములో అక్షరాలు వేసే డ్రాటెక్స్ట్‌తో పట్టీ మీద ‘రాష్ట్రకూటులు’ అని వేయిస్తే ష పక్కన పొల్లు, ట పక్కన పొల్లు, ఆ పక్కన ర, అన్నీ ఒకే వరుసలో నిలబడుతున్నాయి. ఒక్క ఒత్తూ కిందికి దిగదు. డిస్ట్రో మారిస్తే ఇది కుదురుతుందా?

జయనగర్ నాలుగో బ్లాక్:

ఉబుంటు 24.04 వేసి పని చూసుకోండి. ఏ చిక్కు వచ్చినా ఎవరో ఒకరు ముందే పడి ఉంటారు, జవాబు దొరుకుతుంది. దీనికి ఇంత ఆలోచన దేనికి?

రాత్రి షిఫ్టు (హెబ్బాళ):

పై జవాబు తప్పు కాదు. కానీ ఆయన చివరి ప్రశ్న చదివినట్టు లేరు. అసలు విషయం అక్కడే ఉంది.

మీ సర్వర్ రోజంతా చేసేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ పని. కాబట్టి డిస్ట్రో పేరు పక్కన పెట్టి, దానితో ఏ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వస్తుందో చూడండి. డెబియన్ 12లో 5.1, ఉబుంటు 24.04లో 6.1, డెబియన్ 13లో 7.1 వస్తాయి. డ్రాటెక్స్ట్ అక్షరాలను పేర్చే పనిని, ఒత్తులను వాటి చోట కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీకి అప్పగించింది 6.1 నుంచే. అంతకు ముందు అది ఫాంటులోని బొమ్మలను ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ పోయేది. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. మన ఒత్తులకు, కన్నడ ఒత్తులకు సరిపోదు. మీ రాష్ట్రకూటులు విడిపోయింది అందువల్లే. డెబియన్ 12లోనే ఉండాలనుకుంటే పట్టీని ఏఎస్‌ఎస్ ఉపశీర్షిక ఫైలుగా రాసి వేయించవచ్చు. ఆ దారిలో ఉపశీర్షికలు గీసే లిబాస్ చాలా ఏళ్లుగా హార్ఫ్‌బజ్‌ను వాడుతోంది. కొత్త సర్వర్‌కు ఆ తిప్పలు అనవసరం.

రాకీ, ఆల్మా మంచివే. పదేళ్ల మద్దతు ఉంటుంది. కానీ వాటి సొంత భాండారాల్లో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లేదు. ఎపెల్, ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి భాండారాలు కలుపుకోవాలి. సర్వర్ ఉన్నదే ఒక్క పనికి, ఆ పనిముట్టునే బయటినుంచి తెచ్చుకోవడం నాకు నచ్చదు. పైగా వీటికి ముందు అదే పనికి వాడిన, 2029 దాకా మద్దతు ఉంటుందనుకున్న సెంటోస్ 8ని 2021 చివరికే ఆపేస్తున్నామని 2020 డిసెంబరులో ప్రకటించినప్పుడు ఆ సర్వర్లను మార్చిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ చేదు ఇంకా పోలేదు, దాన్ని కాస్త తీసేసి నా మాట వినండి. ఆల్పైన్‌లో ప్రోగ్రాములకు ఆధారమయ్యే మూల లైబ్రరీ మజిల్; పైవాటిలో ఉండే జీలిబ్‌సీ కోసం తయారైన ప్రోగ్రాములు అక్కడ నేరుగా నడవవు. కంటైనర్లకు బాగుంటుంది. ఫెడోరా విడుదల ఒక్కోదానికి మద్దతు సుమారు 13 నెలలే, మీకు వద్దు.

ఇక మిగిలినవి రెండు. నేనైతే డెబియన్ 13 అంటాను. ఉబుంటులో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఉండేది యూనివర్స్ విభాగంలో. దానికి భద్రతా సవరణలు క్రమంగా అందాలంటే ఉబుంటు ప్రో అనే అదనపు మద్దతు పథకం కలపాలి. వ్యక్తిగత వాడకానికి అయిదు యంత్రాల వరకు అది ఉచితమే, అయినా ఒక ఖాతా, ఒక టోకెన్ తప్పవు. డెబియన్‌లో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రధాన విభాగమైన మెయిన్‌లోనే ఉంది. ఇంకొకటి: ఉబుంటు 24.04లో భద్రతా సవరణలు వాటంతట అవే దిగుతాయి, మారిన లైబ్రరీలను వాడే సర్వీసులను నీడ్‌రీస్టార్ట్ అనే పనిముట్టు అడగకుండానే మళ్లీ మొదలుపెడుతుంది. మీ పని సర్వీసుగా నడుస్తుంటే నలభయ్యో నిమిషంలో ఉన్న పాఠం మొదటికి వస్తుంది. కరెంటు పోయినా అదే కదా జరిగేది! సర్దుబాటు చేసుకోవచ్చు, కానీ ముందే తెలిసి ఉండాలి.

డెబియన్ 13లోనూ ఒక మెలిక ఉంది. అందులో తాత్కాలిక ఫైళ్లు ఉంచే స్లాష్ టెంప్ ఫోల్డరు డిస్కు మీద ఉండదు, ర్యామ్‌లో ఉంటుంది. ర్యామ్‌లో సగం దాకా పెరగనిస్తారు. మీకైతే 4 జీబీ. ఏడు జీబీల పాఠాన్ని మీ స్క్రిప్టు అక్కడ దించబోతే సగంలోనే చోటు లేదంటుంది. డిస్కు మీద వేరే ఫోల్డరు చేసి, పనంతా అక్కడ చేయించండి.

పెరంబూరు నుంచి:

డిస్ట్రో సంగతి రాత్రి షిఫ్టు గారు చెప్పారు. నాది వేరే మాట. చవక సర్వర్లలో కోర్లు మీ ఒక్కరివి కావు, పంచుకునేవి. ఎన్‌కోడింగ్ నడుస్తుండగా టాప్ ఆదేశం తెరిచి ‘ఎస్‌టీ’ అన్న అంకె చూడండి. అది రెండంకెల్లో ఉంటే మీ వంతు కోరును పక్కవాళ్లు వాడుతున్నట్టు. ఏ లినక్స్ వేసినా అది తగ్గదు. సొంత కోర్ల పథకానికి మారాల్సిందే. అలాగే రెండు సైజులకు రెండుసార్లు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ నడపకండి. ఒకే ఆదేశంలో మూల వీడియోను ఒక్కసారి విప్పి, పట్టీ వేశాక స్ప్లిట్ ఫిల్టరుతో రెండుగా చీల్చండి. విప్పే పని ఒకటి తప్పుతుంది.

పాఠాలపెట్టె:

అందరికీ ధన్యవాదాలు. డెబియన్ 13 వేశాను. అయితే ఇప్పుడు పట్టీ మీద రాష్ట్రకూటులూ లేరు, విడిపోయిన అక్షరాలూ లేవు. అన్నీ డబ్బాలే!

రాత్రి షిఫ్టు:

క్లౌడ్ ఇమేజ్‌లో తెలుగు ఫాంటు ఉండదండీ. ‘ఫాంట్స్-నోటో-కోర్’ ప్యాకేజీ వేస్తే నోటో తెలుగు వస్తుంది. పట్టీకి కాస్త దిట్టమైన అక్షరం కావాలంటే ‘ఫాంట్స్-తెలుగువిజయం’ వేయండి, అందులో రామభద్ర ఉంది. డ్రాటెక్స్ట్‌కు ఫాంటు ఫైలు దారి పూర్తిగా ఇవ్వండి, ఏది దొరికితే అది వాడుకోనివ్వకండి.

పాఠాలపెట్టె:

రామభద్రతో కుదిరింది. ష కింద ట వత్తు, పక్కన రావత్తు చక్కగా వచ్చాయి. కానీ ట వత్తు అడుగు పట్టీ దాటి కిందికి పోతోంది.

రాత్రి షిఫ్టు:

పట్టీ ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకు లెక్కగట్టినది అయి ఉంటుంది. అక్షరం సైజు తగ్గించకండి, 480పీలో చదవలేరు. పట్టీనే పెంచి, అక్షరాల వరుసను కాస్త పైకి జరపండి. మాస్టారి చేతిలోని సుద్దముక్క మరీ అడుగుకు వచ్చే షాట్లు ఉంటే ముందు అవి చూసుకోండి.