వేపాకు కషాయంతో చేసిన వెండి నానో కణాలు మర్నాటికే మడ్డి కడుతున్నాయి, ఏం చేయాలి?

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం వేపాకుతో వెండి నానో కణాలు చేస్తున్నాను. 10 గ్రాముల ఆకు కడిగి, తరిగి, 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో పావుగంట మరిగించి వడగట్టాను. 1 మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్ 90 మి.లీ.లో ఆ కషాయం 10 మి.లీ. పోస్తే, లేత పసుపు కాస్తా అరగంటలో టీ డికాక్షన్ రంగుకి తిరిగింది. యూవీ-విజిబుల్ పరీక్షలో (ద్రావణం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూసేది) 430 నానోమీటర్ల దగ్గర వెండి నానో కణాల గుర్తైన పీక్ కూడా వచ్చింది. (ఆ రోజే హాస్టల్లో స్వీట్లు పంచాను, తొందరపడ్డాను.)

మర్నాడు పొద్దున చూస్తే అడుగున బూడిద రంగు మడ్డి, పైన నీళ్లు దాదాపు తేట. పీక్ కుంగిపోయి, వెడల్పై, 480 వైపు జరిగింది. కణాలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయని తెలుస్తోంది, ఎందుకో తెలియడం లేదు. మొదట్లో కుళాయి నీళ్లతో కడిగిన ఫ్లాస్కు వాడితే తెల్లగా విరిగింది. అది కుళాయి నీళ్లలోని క్లోరైడ్ పని, సరిచేసుకున్నాను. ఇప్పటి తంటా వేరు.

కషాయం మోతాదు పెంచాలా? పీహెచ్ 8 దాకా తీసుకెళ్తే నిలబడతాయా? క్షారం ఎక్కువైతే సిల్వర్ ఆక్సైడ్ పడుతుందేమోనని టెన్షన్. పీవీపీ (కణాలు అతుక్కోకుండా చుట్టూ పూతలా పట్టే పాలిమర్) కలపమని సీనియర్ అక్క అంటోంది, మరి అప్పుడు ‘ఆకుతోనే చేశాను’ అని ఎలా చెప్పుకోను?

వచ్చే వారం వీటిని నూలు గుడ్డకి పట్టించి ఈ.కొలై బ్యాక్టీరియా మీద పరీక్షించాలి. రెండు ఉతుకులకైనా వెండి పోకుండా ఎలా నిలిపారో, చేసినవాళ్లు కాస్త చెప్పండి.