సంక్రాంతి పోటీల రిజిస్ట్రేషన్ పేజీ: ఫారాలు ఎవరు, ఎలా?

పోటీల కమిటీ, డల్లాస్: ముగ్గులు, గాలిపటాలు, వంటలు మూడింటికీ ఒకటే పేజీ కావాలండీ. లింకు చివర ఏ పోటీ పేరుంటే ఆ ఫారం రావాలి. కోడ్‌లో ‘ఈ పోటీ అయితే ఈ ఫారం’ అని ఇఫ్‌లు పేర్చుకుంటూ పోతే వచ్చే ఏడు తలనొప్పి.

సైట్ టీం, విశాఖ మధురవాడ: ఇఫ్‌లు అక్కర్లేదు. మన సైటు రాసిన పీహెచ్‌పీ భాషలో క్లాసు (ఫారం నమూనా కోడ్) పేరును వేరియబుల్లో పెట్టి, ‘న్యూ’ పక్కన ఆ వేరియబుల్ రాస్తే ఆబ్జెక్టు తయారవుతుంది. కన్‌స్ట్రక్టర్‌కి (ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు నడిచే ఫంక్షన్) ఇవ్వాల్సినవి మామూలుగానే బ్రాకెట్లలో ఇవ్వండి. లింకులో వచ్చిన మాటను మాత్రం నేరుగా ‘న్యూ’కి ఇవ్వొద్దు. ఒక అర్రే (జాబితా) రాయండి: ‘ముగ్గు’కి ఎదురుగా ముగ్గుఫారం::క్లాస్, అలాగే మిగతావి. అందులో లేని మాటొస్తే 404, అంటే ‘పేజీ లేదు’.

రిజిస్ట్రేషన్ డెస్క్, డల్లాస్: ‘క్లాస్ ఎగ్జిస్ట్స్’తో చూసుకుంటే సరిపోదా అన్నా?

సైట్ టీం: సరిపోదమ్మా. అది క్లాసు ఉందా లేదా అనే చెబుతుంది, మనదేనా అని కాదు. పీహెచ్‌పీతోనే వచ్చే, ఫైళ్ళు తెరిచే ఎస్‌పీఎల్‌ఫైల్‌ఆబ్జెక్ట్ కూడా ఉన్న క్లాసే. బయటివాళ్ళు ఆ పేరు కొట్టి, కన్‌స్ట్రక్టర్‌కి వాళ్ళ మాటే చేరితే సర్వర్లో ఫైలు తెరుచుకుంటుంది.

రిజిస్ట్రేషన్ డెస్క్: ఫైలు పైన ‘యూజ్’ (క్లాసును పొట్టి పేరుతో పిలవనిచ్చే లైను) రాశాక కూడా ‘క్లాస్ నాట్ ఫౌండ్’ అంటోంది. పేరును కోట్స్‌లో రాశాను.

సైట్ టీం: అదే కారణం. ‘యూజ్’ పని కంపైల్ అప్పుడే అయిపోతుంది; స్ట్రింగులోని పేరుకి అది వర్తించదు, నేమ్‌స్పేస్‌తో (క్లాసు పేరు ముందుండే ఇంటిపేరు లాంటిది) సహా పూర్తిగా ఉండాలి. ::క్లాస్ వాడితే పూర్తి పేరు అదే వస్తుంది. పీహెచ్‌పీ 5.5 నుంచీ ఉంది. చేత్తో రాయాల్సొస్తే సింగిల్ కోట్సే వాడండి. డబుల్ కోట్స్‌లో, నేమ్‌స్పేస్ పేర్ల మధ్య వచ్చే బ్యాక్‌స్లాష్ పక్కన చిన్న ఎన్ పడితే కొత్త లైనైపోతుంది.

ఇంకోటి: ::క్లాస్‌లో అక్షరం తప్పు పోయినా పీహెచ్‌పీ కిమ్మనదు, ఆ తప్పు పేరునే స్ట్రింగుగా ఇచ్చేస్తుంది. అందుకే సైటు ఎక్కించే ముందు అర్రే మొత్తం లూపులో తిప్పి, ప్రతి క్లాసూ ఉందో లేదో, మన ఫారం ఇంటర్‌ఫేస్‌ని (ప్రతి ఫారంలో ఉండాల్సిన ఫంక్షన్ల జాబితా) ఇంప్లిమెంట్ చేస్తోందో లేదో చూస్తాం. ఫైలు పేరు, క్లాసు పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి: ఇంగ్లిషు పెద్ద, చిన్న అక్షరాల తేడా ఉన్నా విండోస్ లాప్‌టాప్‌లో నడిచిపోతుంది, లైనక్స్ సర్వర్లో మాత్రం ఆటోలోడర్‌కి (క్లాసు పేరును బట్టి ఫైలు వెతికే కోడ్) ఫైలు దొరకదు.

పోటీల కమిటీ: పోస్టర్లు ప్రింటుకెళ్ళిపోయాయండీ, క్యూఆర్ కోడ్‌లో ‘వంటలు’ అనే ఉంది.

సైట్ టీం: ఉండనివ్వండి. క్లాసు పేరు పిండివంటలఫారం అని మార్చినా అర్రేలో కుడివైపే మారుతుంది, లింకు అదే. రేపు మాకు ఉదయం తొమ్మిదిన్నరకి, అంటే మీకు ఇవాళ రాత్రి పదికి, టెస్ట్ లింకు పెడతాం. మూడు పోటీలూ, ఒక తప్పు పేరూ కొట్టి చూడండి.